వైర్లు కనపడని గది

నంద్యాలలో సినిమా హాలుకు పోటీ వచ్చే గది ఒక్కటే ఉంది, అది మా ఇంట్లోనే ఉంది అని చాలామందికి చెప్పాను. ఏడు స్పీకర్లు, గోడంత టీవీ, శబ్దం పెంచితే కిటికీ గలగలలాడుతుంది అని కూడా చెప్పాను. స్పీకర్లు ఐదే. వాటిలో ఒకటి కొన్న రోజు నుంచీ పలకలేదు. టీవీ గోడంత కాదు, ఆరేసిన తువ్వాలంత. కిటికీ గలగలలాడే మాట ఒక్కటి నిజం. దాని మేకు ఊడింది.

ఆ గది నా సరదాకు కట్టుకున్నది కాదు. మా ఆవిడకు నీటికాసులు వచ్చాయి. చూపు తగ్గుతూ తగ్గుతూ, కిటికీ ఏ పక్కన ఉందో వెలుగును బట్టి తెలిసేంత మాత్రం మిగిలింది. పోయిన చూపు తిరిగి రాదని కంటి డాక్టరు తేల్చేశాడు. మోకాళ్ళు చూసే డాక్టరు ఇంకో మాట అన్నాడు. “అమ్మను కూర్చోబెట్టొద్దు. తనంతట తాను లేచి తిరిగినంత కాలమే ఆ కాళ్ళు. ఒకసారి మంచం పట్టిందంటే మళ్ళీ లేపడం మా చేతుల్లో ఉండదు.” ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే పట్టింపు. ఆమె నడవాలి.

చూడలేనిది విననైనా విననీ అని స్పీకర్లు కొన్నాను. సీరియల్లో కోడలు వెనక నుంచి వస్తే ఆ గజ్జెల చప్పుడు ఆమె వెనక నుంచే వినపడాలి. స్పీకర్లతో పాటు వైర్లూ వచ్చాయి. లావుపాటి వైరొకటి వాకిలి ముందు నుంచి, మంచం పక్కగా కుర్చీ వెనక్కి పోయింది. సన్నదొకటి కుర్చీ నుంచి వంటింటి గడప దాకా పోయింది, ఆమె ఆడ కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూడా వినాలని. నున్నటి నాపరాళ్ళ మీద అవి వంకర్లు తిరుగుతూ పడి ఉండేవి.

మా బావమరిదిది ఆళ్ళగడ్డ. రాయి చెక్కడం అతని పని. ఒకరోజు అక్కను చూడ్డానికి వచ్చి, లోపల కాలు పెడుతూనే వైరు తగిలి గోడ పట్టుకున్నాడు.

“ఏంది బావా ఇది, ఇల్లా, పాముల పుట్టా?”

“హోం థియేటరప్పా. మీ ఆళ్ళగడ్డలో ఇట్లాంటిది చూసింటివా?”

“మా ఊర్లో వైర్లు స్తంభాల మీద ఉంటాయి. నీ మాదిరి కాళ్ళ కింద పరుచుకోరు. అక్క పడితే నడుం ఇరుగుతాది. అప్పుడేం చేస్తావు?”

ఇరుక్కున్నప్పుడు నేను కోతలు కోస్తాను. “రేపే అన్నీ నేల్లోకి తోసేస్తాండా, చూడు” అన్నాను.

“నీ చేత గోడలో మేకు కూడా దిగదు. ఊరకుండు, నేనొస్తా.”

రాయి కోస్తే దుమ్ము లేస్తుంది కాబట్టి, ఆ పని అయ్యేదాకా ఆమెను ఆళ్ళగడ్డలో తమ్ముడి ఇంట్లో దిగబెట్టాము. ఆడ ఆమె ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోనిదే కదల్లేదట. ఫోన్ చేసి నా మీద కసురుకుంది.

“ఎప్పుడు పిలుచుకోని పోతావయ్యా? ఈడికొచ్చి నేను గుడ్డిదాన్ని అయిపోయినా.”

“ఈడ మాత్రం ఏం చూస్తా ఉంటివి?” అని నవ్వాను.

“ఆడ నాకు దావ ఉండాది లే.”

ఆడవాళ్ళకు సొంతిల్లు అంటే ఉండే బెంగ అనుకున్నాను.

బావమరిది పనితనం గురించి మాత్రం నేను ఎంత పెంచి చెప్పినా తక్కువే. దేవుళ్ళకు కనురెప్పలు చెక్కే చెయ్యి అది. నాపరాళ్ళలో గాడి కోశాడు, పైపు పరిచాడు, వైర్లన్నీ అందులోంచి లాగాడు. పైన రాతిపట్టీలు పెట్టి, అదే రాతిపొడి కలిపిన సిమెంటుతో అతుకులు పూడ్చి, నీళ్ళు చల్లి సాన పట్టాడు. గోటితో గీకి చూసినా అతుకు దొరకలేదు. సగం పని నేనే చేశానని వీధిలో చెప్పాను. నేను చేసింది టీ. అందులో ఒకసారి చక్కెర మరిచిపోయాను.

ఆమె వచ్చింది. గడపలో చెప్పులు విడిచి, తమ్ముడి చెయ్యి విదిలించుకుంది. “ఇడువు రా, ఇది మా ఇల్లు.”

మేమిద్దరం ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ, మెచ్చుకోలు కోసం నిలబడ్డాము. ఆమె కుడికాలు ముందుకు పెట్టి నేల మీద మెల్లగా జరిపింది. ఎడమకు జరిపింది. మళ్ళీ కుడికి. పొలంలో పడిపోయిన చెవికమ్మను కాలితో వెతుకుతున్నట్టు వెతికింది. తర్వాత రెండు కాళ్ళూ దగ్గరికి తీసుకుని కొయ్యలా నిలబడిపోయింది.

“ఏందయ్యా, ఇల్లు యాడికి పోయింది?”

“వైర్లన్నీ రాయి కింద దాచినామక్కా. ఇంక నీ కాలికి తగలవు” అన్నాడు బావమరిది, గొంతులో గర్వంతో.

ఆమె నున్నటి రాయిని మడమతో తట్టింది. “తగలాల రా. లావుదాని ఎంబడి పోతే కుర్చీ. సన్నదాని ఎంబడి పోతే పొయ్యి. కాలికి తెలుస్తా ఉండె.”

“ముందే చెప్పొచ్చు కదా?” అన్నాను.

“నువ్వు అడిగితివా? నడుస్తాంటే చూసి మురుసుకుంటా ఉంటివి.”

నిజమే. ఆమె కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేది. మోకాళ్ళ నొప్పి అనుకున్నాను.

ఆ సాయంత్రమే నులక తాడు తెచ్చి నేలకు అంటించాము. ఆమె దాని వెంట బయలుదేరింది. కుర్చీ దగ్గర తాడు ఆమెకు తెలిసిన చోట మలుపు తిరగలేదు. ఆమె కాలు తిరిగింది. మోకాలు కుర్చీకి కొట్టుకుని, పోయి గోడకు ముఖం పెట్టి నిలబడింది. మమ్మల్ని పిలవలేదు. నేనే పోయి చెయ్యి పట్టుకున్నాను.

“పట్టీలు పగలగొట్టి పాత వైర్లే పరుస్తా బావా” అన్నాడు బావమరిది. సుత్తి కూడా తీశాడు.

“పాత జాగా నీకు గుర్తుందా?”

అతను నేలకేసి చూశాడు. నేనూ చూశాను. ఆ వైర్లు యాడ వంగేవో, యాడ మడత పడేవో మాలో ఒక్కరికీ తెలియదు. కళ్ళున్న మేము వాటిని దాటుకుంటూ పోయామే కానీ చూడలేదు. సుత్తి మళ్ళీ సంచిలోకి పోయింది.

అప్పటి నుంచి ఆమె తనంతట తాను లేవలేదు. నేను లేపితే లేస్తుంది, నా భుజం మీద బరువంతా వేసి రెండడుగులు వేసి, “ఇంక చాల్లేయ్యా” అంటుంది. పిక్కలు సన్నబడుతున్నాయి. డాక్టరు దగ్గరికి పోవడం మానేశాము. ఆయన చెప్పవలసింది ముందే చెప్పాడు. బావమరిది వచ్చినప్పుడల్లా మంచం దగ్గర కూర్చుని అక్క పాదాలు పిసుకుతాడు, నేల వైపు చూడడు.

మొన్న ఆమెకు ధైర్యం చెప్పాలని ఒక పని చేశాను. కళ్ళు మూసుకుని తాడు వెంట వంటింటికి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చాను.

“చూస్తివా, చుక్క ఒలకలేదు. కళ్ళు మూసుకునే పోయొచ్చినా. ఏం కష్టం లేదు.”

“నిజంగానా?”

“నీ మీద ఒట్టు.”

ఆమె నీళ్ళు తాగి చెంబు నా చేతికిచ్చింది. “కుర్చీ కాడ కండ్లు తెరిస్తివి. ఆడ నీ అడుగు మారింది.”

తెరిచాను. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి భయమేసింది.

“టీవీ పెట్టు” అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. పెట్టాను. గజ్జెల చప్పుడు వెనక స్పీకరులోంచి చక్కగా వచ్చింది.