యాభై చుట్లు

ముందుకు కదలని సైకిల్ తొక్కి నేను తిన్నన్ని తిట్లు, నిజం సైకిల్ నేర్చుకున్నప్పుడు కూడా తినలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ల తర్వాతి మాట ఇది. హోసూరులో చిన్న చిన్న యంత్ర భాగాలు బిగించే ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. ఒక వాన రోజు కంపెనీ బస్సు దిగుతూ జారిపడ్డాను. కుడి మోకాలు తిరిగిపోయింది. కట్టు కట్టి నెలన్నర ఇంట్లో కూర్చోబెట్టారు. మాది షిఫ్టంతా నిలబడి చేసే పని. అప్పటికి ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాను. పర్మనెంటు చేసేవాళ్ల జాబితాలో మొదటిసారి నా పేరు వచ్చింది. నెలాఖరులోగా ఆసుపత్రి నుంచి పనికి పనికొస్తానని కాగితం తెస్తే పేరు ఉంటుంది, లేకపోతే కొట్టేస్తారు. సూపర్‌వైజరు ఈ సంగతి చాలా మెత్తగా చెప్పాడు. మెత్తగా చెప్పే మాటలంటేనే నాకు భయం.

ఆ కాగితం రాయాల్సింది ఫిజియోథెరపీ మేడమ్. కృష్ణగిరి పిల్ల, నాకంటే పదేళ్లు చిన్నది. నవ్వితే చిన్నపిల్లలా ఉండేది కానీ ఆ నవ్వు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. ఆవిడ గదిలో గోడవైపు తిరిగి వరసగా మూడు వ్యాయామ సైకిళ్లు ఉండేవి. పొద్దున పదింటికి ఆడవాళ్ల బ్యాచ్. ముగ్గురం ఒకేసారి ఎక్కాలి, ఒకేసారి దిగాలి. నిమిషానికి ఎన్ని చుట్లు తొక్కాలో చీటీ మీద రాసి ఎవరి సైకిల్ ముందు వాళ్లకి అంటించింది. ఎడమ పక్క సైకిల్ బ్యాంకు ఆఫీసరు భార్యది, ఆమెకు అరవై. మధ్యలో నాకు యాభై. కుడి పక్క సైకిల్ గురుబరపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దమ్మది. మామిడి తోపుల్లో బుట్టలు మోసి మోసి మోకాళ్లు అరిగిపోయిన మనిషి. ఆమెకు ముప్పై.

మొదటి రెండు రోజులు నాకు ఆ సైకిల్ ముందుండే చిన్న తెరే అర్థం కాలేదు. అందులో అంకె కాసేపటికోసారి మారిపోయేది. ఒకసారి నిమిషాలు, ఒకసారి కిలోమీటర్లు, ఒకసారి చుట్లు. యాభై అని చూసి సంబరపడేలోపు మూడు అయిపోయేది. ఏమైందోనని కంగారుపడి గబగబా తొక్కితే, అది మూడు నిమిషాలని వెనక నుంచి మేడమ్ అరిచేది. గోడ ముందు కూర్చుని రెండు కిలోమీటర్లు ఎలా పోయానో, పోయినదాన్ని ఇంకా ఈ గదిలోనే ఎందుకున్నానో నాకు బోధపడలేదు. మూడో రోజు మేడమ్ ఏదో బొత్తాం నొక్కి చుట్ల అంకె ఒక్కటే నిలబడేలా చేసింది. ఇక గొడవ తీరిందనుకున్నాను.

తీరలేదు. యాభైతో మొదలుపెడతాను. రెండు నిమిషాలు గడిచేసరికి నలభై, ఆ తర్వాత ముప్పై అయిదు, చివరికి ముప్పై దగ్గర ఆగిపోతుంది. నొప్పి లేదు, ఆయాసం లేదు. కాళ్లు వాటంతటవే మెల్లబడేవి. అలా నాలుగు రోజులు జరిగింది.

"నొప్పి ఉండాదా అక్కా?" అని అడిగింది మేడమ్.

"లేదు మేడమ్."

"మరి ఎందుకు తగ్గిస్తా ఉండారు? లీవు పెంచుకునేదానికా?"

నాకు ఒళ్లు మండింది. "లీవు కావాలంటే ఇంట్లోనే పండుకుంటాను గదా మేడమ్, ఈడికి వచ్చి గోడని సూస్తా కూర్చుంటానా?" అనేశాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. అనకుండా ఉండాల్సిందని ఇంటికి వెళ్లేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను. కాగితం ఆవిడ చేతిలో ఉంది, నోరు మాత్రం నా చేతిలో లేదు.

మర్నాడు బస్సు తప్పిపోయి పెద్దమ్మ రాలేదు. ఎడమవైపు బ్యాంకు ఆఫీసరు భార్య ఎప్పటిలా ఎవరినీ చూడకుండా తన అరవై తాను తొక్కుతోంది. అయిదో నిమిషానికి మేడమ్ పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుంది. "అరవై! అక్కా, ఉండే మోకాలు గూడా పాడు చేసుకుంటారా?" తెర చూశాను. నిజంగానే అరవై. నేనెప్పుడు అంత దూరం వెళ్లానో నాకే తెలియదు.

అప్పుడు నాకు సంగతి కొంచెం తట్టింది. నా కాళ్లు పక్కనున్న మనిషి వేగాన్ని పట్టుకుని పోతున్నాయి. మాది అత్తిముగం దగ్గర పల్లె. తొంభైలలో, ఇంకా పెళ్లి కాకముందు, రాగిచేలల్లో కలుపు తీసేదాన్ని. పది పన్నెండు మంది ఆడవాళ్లం తలా ఒక సాలు పట్టి వరసగా కూర్చుని ముందుకు జరిగేవాళ్లం. ఎవరూ ముందుకు పోకూడదు, ఎవరూ వెనకబడకూడదు. ఒకామె వెనకబడితే అటూ ఇటూ ఉన్నవాళ్లు చెయ్యి చాపి ఆమె సాలు కూడా తీసేవాళ్లు. దాన్నే సాలు అందుకోవడం అనేవాళ్లం. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పక్కనున్న మనిషి వంక ఒకసారి చూస్తే చాలు. మన సాలు అందుకున్నామెకి తర్వాతి సాలులో మనం తిరిగి అందుకోవాలి, అంతే లెక్క. ఒక్కతే ముందుకు పోయిందంటే ఆమెతో వారం రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడేవాళ్లు కాదు.

కానీ ఫ్యాక్టరీలో ఆరేళ్లు భాగాలు కదిలొచ్చే బెల్టు ముందు నిలబడ్డాను గదా, అక్కడ ఎవరి పని వాళ్లదే గదా, ఆ అలవాటు పోకుండా ఎక్కడ దాక్కుందో నాకు అర్థం కాలేదు. బహుశా బెల్టు దగ్గర పక్కనున్న మనిషి ఊపిరి వినిపించదు కాబట్టేమో. లేక ఆ అలవాటు చేతుల్లోంచి పోయి కాళ్లలో మిగిలిందో. ఇప్పటికీ తెలియదు.

మేడమ్‌కి ఇదంతా చెప్పి, "నన్ను ఒంటిగా తొక్కించండి మేడమ్" అని బతిమాలాను. ఆవిడ సగం విని, "రోజంతా బ్యాచ్‌లు ఉండాయి అక్కా, యాడ ఖాళీ? రేపు పని కాడ గూడా పక్కన మనుషులు ఉంటారు గదా. మీ నెంబరు మీరు సూసుకోండి" అంది. శనివారానికి పరీక్ష పెట్టింది. పది నిమిషాలు, యాభై. నలభై అయిదుకి తగ్గకూడదు. తగ్గితే ఇంకో రెండు వారాలు. రెండు వారాలంటే నెలాఖరు దాటిపోతుంది.

శనివారం సైకిల్ ఎక్కేముందు పెద్దమ్మ నా మొహం చూసి అడిగింది. "ఏం పాపా, అట్లుండావు?"

చెప్పాను. సాలు సంగతి కూడా చెప్పాను. ఆమె పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. "మా పక్క గూడా అంతే గదా. నీకి ఎంత రావాల?"

"యాభై."

"ఎట్లుంటాది అది?"

"అయిదు, పక్కన సున్నా."

"మా బస్సు మీదుండే అయిదేనా?"

"అదే పెద్దమ్మా" అన్నాను. ఎందుకడిగిందని ఆలోచించే తీరిక నాకు లేదు.

మొదలుపెట్టాం. మేడమ్ నా వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదటి నిమిషం యాభై. రెండో నిమిషం నలభై తొమ్మిది. తెర మీదినుంచి కళ్లు తిప్పకూడదని పళ్లు బిగించాను. మూడో నిమిషానికి నలభై ఆరు. కాళ్లు నా మాట వినడం లేదు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

అప్పుడు కుడి పక్క సైకిల్ చప్పుడు మారింది. అంతవరకూ కర్ర్, కర్ర్ అని ఆగి ఆగి వచ్చేది, ఇప్పుడు ఎడతెగకుండా వస్తోంది. నా అంకె నలభై ఎనిమిదైంది. తర్వాత యాభై. అక్కడే నిలిచిపోయింది. ఏడో నిమిషం యాభై, ఎనిమిదో నిమిషం యాభై. నేను తల తిప్పలేదు. తెర మీదినుంచి కళ్లు తిప్పకూడదు గదా, అందుకే తిప్పలేదని అప్పుడు అనుకున్నాను.

"అబ్బ, వచ్చింది సూడండి!" అంది మేడమ్ గంట కొట్టి. అప్పుడే ఆవిడ గొంతు మారింది. "పెద్దమ్మా! మీరేం చేస్తా ఉండారు?"

తిరిగి చూశాను. పెద్దమ్మ రవిక చెమటతో తడిసి ముద్దయింది. మొహంలో రక్తం లేదు. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని వేలాడుతోంది. ఆమె తెర మీద అంకె అప్పుడప్పుడే యాభై నుంచి దిగుతోంది. ముప్పై దాటకూడదని ఆమె చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసి ఉంది.

"పాప ఎనకబడింది" అంది ఆయాసపడుతూ. "సాలు అందుకున్యాను. అంతేలే."

మేడమ్ ఆమె మీద కేకలు వేసింది, మోకాలి మీద ఐస్ పెట్టింది. నేను వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆమె తాగి, "కాగితం ఇచ్చిందా?" అని అడిగింది. నా కాగితం ఆ రోజే వచ్చింది. మరుసటి నెలలో పర్మనెంటయ్యాను.

సోమవారం కాగితం మీద ముద్ర వేయించుకోవడానికి వెళ్తే కుడి పక్క సైకిల్ ఖాళీగా ఉంది. పెద్దమ్మ మోకాలు వాచిందని కబురు వచ్చిందట. ఆ తర్వాతి వారాల్లోనూ రానేలేదని విన్నాను. ఆ యాభై నాదో, ఆమెదో నాకు తేలలేదు. ఇద్దరిదీ అని సర్దిచెప్పుకోబోయాను గానీ మనసు ఒప్పుకోలేదు. చేనులో అయితే పక్కామె చెయ్యి చాపగానే తల తిప్పి చూసేదాన్ని. ఆ రోజు చప్పుడు విన్నాను. విని కూడా చూడలేదు.

ఒక ఆదివారం గురుబరపల్లిలో దిగాను. దిగాక గానీ గుర్తుకు రాలేదు, ఆమె పేరు నాకు తెలియదు. అన్ని రోజులూ పెద్దమ్మా అనే పిలిచాను. టీ కొట్టు దగ్గర ఒకాయన కనిపిస్తే అడిగాను.

"అప్పా, మోకాలు నొప్పితో హోసూరు ఆసుపత్రికి పోతా ఉండే, మామిడి తోపులో పనిచేసే పెద్దమ్మ ఇల్లు యాడ?"

ఆయన నన్ను పైనించి కిందికి చూశాడు. "యా ఇంట్లో లేదమ్మా, మోకాలు నొప్పి పెద్దమ్మ?" అన్నాడు.

నాలుగు వీధులు తిరిగాను. అరుగుల మీద కాళ్లు చాపుకుని కూర్చున్న పెద్దమ్మలు చాలామంది ఉన్నారు, అందరి మొహాలూ చూశాను. ఆమె కనిపించలేదు. నేను తిరిగి అందుకోవాల్సిన సాలు అలాగే ఉండిపోయింది.