కొండ కనబడే గది

పడమటి కొండలను మెడబట్టి విరుదునగరం దాకా ఈడ్చుకొచ్చి, హోటలు కిటికీకి ఎద్దును కట్టినట్టు కట్టేసి, వాటి పక్కన కాళ్ళు చాపుకుని నిద్రపోయిన మగవాడు ఈ నల్లరేగడి సీమలో ఒక్కడే పుట్టాడు. అతని పేరు రామసుబ్బు నాయక్కరు. పొద్దున కిటికీలోంచి చెయ్యి చాపితే కొండ మీది మంచు అరచేతికి తగిలేదట, దానితోనే మొహం కడుక్కునేవాడట. ఒకనాటి సాయంత్రం ఎండ కళ్ళలో పడుతుంటే "కొంచెం జరిగి అడ్డం నిలబడు" అన్నాడట. కొండ జరిగిందట. ఏళాయిరంపన్నై చుట్టుపక్కల ఈ సంగతి తెలియని గొర్రెలకాపరి లేడు. నమ్మనివాడు ఎవడైనా ఉంటే వాడు పొరుగు తాలూకావాడై ఉంటాడు.

అరవదేశంలోని ఈ సీమ పెనంలా చదునైనది. కోవిల్‌పట్టిలో కొండ ఉందంటారు కాని, దాన్ని చూలు మేక కూడా చద్దన్నం వేళకు ఎక్కి దిగి వచ్చేస్తుంది. అలాంటి చోట మట్టిపెళ్ళలు పగలగొట్టుకునే మనిషి మేడ మీద గది తీసుకుని కొండను చూస్తూ పడుకుంటున్నాడంటే ఊరు ఊరకుంటుందా?

"ఏమి మామా, ఈ తూరి కొండకు ఏమి తీసకపోతాండావు? గడ్డా, తవుడా?" అని కళ్ళంలో జనం అడిగేవారు.

"గడ్డి పెడితే మూతి తిప్పుకుంటాదిరా. దానికి నువ్వులుండలు కావాల," అనేవాడు రామసుబ్బు మీసం దువ్వుకుంటూ.

నువ్వులుండలు మాత్రం నిజం. అవి కొండకు కాదు, కూతురికి.

ఒక్కగానొక్క కూతురు సంతానలక్ష్మిని విరుదునగరంలో పత్తి మండీ నడిపే సీనివాసన్‌కు ఇచ్చాడు. విరుదుపట్టి పేరు విరుదునగరంగా మారిన కొత్త అది; పేరు మారిన ఊరికి బిడ్డనిచ్చానని రామసుబ్బు కొన్నాళ్ళు తానే ఆ పేరు మార్చినట్టు తిరిగాడు. కాని అతని గుండెలో ఒకే ఒక్క బెంగ ఉండేది. నల్లమట్టిలో పెరిగిన పిల్ల ఆ పట్నపు ఇంట్లో కడుపునిండా తింటోందా, కంటినిండా నిద్రపోతోందా? అది తెలుసుకోవడానికే ఏడాదికి రెండు మూడు సార్లు పోయేవాడు. తెలుసుకోవడానికి అడ్డం వచ్చింది అతని వంశమే.

ఆడబిడ్డ కడుపు పండేదాకా పుట్టింటివాళ్ళు ఆమె అత్తింట మెతుకు ముట్టకూడదు, నీళ్ళు తాగకూడదు, తల వాల్చకూడదు. తెలుగుసీమ నుంచి వలస వచ్చేటప్పుడు ముంతలు, గంపలు, ఒకరిద్దరు దేవుళ్ళు దారిలో పడిపోయినా ఈ కట్టుబాటును మాత్రం బీటలు పడకుండా మోసుకొచ్చారు. మిగతా ఇళ్ళవాళ్ళు తిండి మానడంతో సరిపెడతారు. రామసుబ్బు ఇంటివాళ్ళు గడప కూడా దాటరు. అతని తాత నడి వేసవి చిత్తిరై మాసపు ఎండలో కూతురింటికి పోయి, నాలుక చెప్పు అట్టలా ఎండిపోయినా, కూతురు తెచ్చిన చెంబు చూసి మొహం తిప్పుకుని, ఎదురింటి ఎద్దుల తొట్టిలో మూతి పెట్టి తాగి వచ్చాడు. ఆ ముచ్చటను వంశమంతా గొప్పగా చెప్పుకుంటుంది. ఎద్దులు ఏమనుకున్నాయో ఎవరూ అడగలేదు.

కోవిల్‌పట్టి దాకా బండి, అక్కడినుంచి రైలు. చేరేసరికి పొద్దు వాలుతుంది, ఆనాడే తిరిగి రావడం కుదరదు. సత్రంలో ఊరకనే పడుకోవచ్చు. కాని బిడ్డనిచ్చిన ఊళ్ళో సత్రం అరుగు మీద పడుకుంటే ఆ మాట ముందు వియ్యపురాలి చెవిన పడుతుంది, తరువాత బిడ్డ నెత్తిన పడుతుంది. దొరలు దిగే బంగళా ఒకటుంది. అక్కడ పడుకోవాలంటే తోలు మార్చుకుని రావాలి. ఈ రెంటికీ మధ్య రకం, బజారు సందడికి ఎడంగా ఒక మేడ హోటలు ఉండేది. దాని యజమాని సుబ్రమణియన్ అగరవత్తిలా సన్నటి మనిషి, అబద్ధాలలో రామసుబ్బుకు సరిజోడు.

"కింద గదులున్నాయి నాయక్కరయ్యా, అవి పడుకోవడానికి. మేడ మీద పడమటి గది ఉంది, అది బతకడానికి," అన్నాడు అరవంలో. "కిటికీ తీస్తే కొండ. మదురై నుంచి వచ్చిన ఒక జడ్జి ఆ కొండను చూస్తూ తీర్పు రాశాడు. ఉరి తీయాల్సినవాణ్ణి వదిలేశాడు."

"కొండకు వేరే అద్దెనా?"

"కొండ ఊరికే. కిటికీకి ఒక అణా ఎక్కువ."

నులకమంచం, నీళ్ళకూజా, అంగీ తగిలించుకోవడానికి గోడకో మేకు. చప్పుడన్నది లేదు, ఎడ్ల మెడ గంటలు వినబడని చోట పడుకోవడం రామసుబ్బుకు అదే మొదలు. రాత్రి వాన కురిసి వెలిసింది. పొద్దున కిటికీ తీస్తే దూరాన, ఆకాశం అంచున, ఆరవేసిన నీలం పంచెలా కొండ వరుస. నోరు తెరిచాడు. మూయడం మరిచిపోయాడు.

ఆ పొద్దే కూతురింటి తిన్నె మీద కూర్చున్నాడు. తెచ్చిన నువ్వులుండలు, సజ్జపిండి, తాటిబెల్లం మూటలను వియ్యపురాలు వీరమ్మాళ్ లోపలికి తీసుకుపోయి, తలుపు వెనక నిలబడింది. సంతానలక్ష్మి గడపకు అవతల కూర్చుంది.

"బాగుండావా తల్లీ?"

"బాగుండాను నాయినా."

తలుపు వెనక గాజులు కదిలాయి. ఆ మాటలతో తండ్రీ కూతుళ్ళ సంచి ఖాళీ అయింది. కూతురే అడిగింది: "యాడ దిగినావు నాయినా?"

"కొండ పక్కనమ్మా. రాత్రంతా గురక పెట్టె. నాకు నిద్రే లేదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సంతానలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు కోసం రామసుబ్బు ఆనాటినుంచి కొండను పెంచసాగాడు. కోవిల్‌పట్టిలో రైలెక్కింది మొదలు దిగేదాకా కొత్త అబద్ధం ఒకటి చెక్కి నునుపు చేసుకునేవాడు. కొండ మంచు, కొండ జరగడం, కొండకు జలుబు చేయడం, అన్నీ ఆ గడప ముందు పుట్టినవే. మిగిలిన తునకలు ఊరికి తెచ్చి కళ్ళంలో పంచేవాడు.

మూడో ఏడు హోటలుకు పడమర పత్తి గోదాము గోడ లేచింది. కిటికీ తీస్తే సున్నం తప్ప ఏమీ లేదు.

"కొండ ఎక్కడికీ పోలేదు నాయక్కరయ్యా," అన్నాడు సుబ్రమణియన్. "గోడ వెనక భద్రంగా ఉంది."

కిటికీకి అణా మాత్రం తగ్గించలేదు. రామసుబ్బు వేరే గదీ అడగలేదు. గడప ముందు కూర్చుని చెప్పడానికి ఆ గది తప్ప అతని దగ్గర ఇంకేముంది? గోడ మీది చెమ్మ మరకలు చూస్తూ కొండ కబుర్లు అల్లుకున్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కూతురు చిక్కిపోతోంది. పట్నం ఆడవాళ్ళు అలాగే ఉంటారని భార్య పొన్నమ్మాళ్‌కు చెప్పాడు.

"చేతులు పగిలినాయంటివే, అది కూడా పట్నం వాటమా?" అంది పొన్నమ్మాళ్. "దూరపు కొండలు నునుపు. దూరాన ఇచ్చిన బిడ్డా అంతే."

కాని ఒక సంగతి అతనికి మహా సంబరంగా ఉండేది. కూతురు కూడా ఆటలోకి దిగింది.

"ఈ పొద్దు కొండ నెత్తిన మబ్బు దిగె, చూస్తివా నాయినా? మొదలు మటుకు తేటగా ఉండె," అనేది.

"చూస్తి, చూస్తి. ఆ మబ్బును తలపాగా చుట్టింది నేనే గదా!" అనేవాడు. మా ఇంటి రక్తం, కూర్చున్నచోటే కొండను కడుతోంది అని పొంగిపోయేవాడు.

ఒకసారి ఆమె నవ్వలేదు. "ఈ పొద్దు ఈడనే పండుకో నాయినా. ఒక్క పొద్దు," అంది.

"నీకు ఒక బిడ్డ పుట్టనీ, నెల్లాళ్ళు పండుకుంటాను. పొమ్మన్నా పోను."

"పుట్టకపోతే?"

తలుపు వెనకనుంచి వీరమ్మాళ్ గొంతు వచ్చింది. "సంతానలక్ష్మి అని పేరు పెట్టిరి అన్నా. పేరు మటుకు నిండుగా ఉండాది."

పిల్లలు కలగని తప్పు పిల్లనిచ్చినవాడిదే. రామసుబ్బు తల దించుకున్నాడు.

"అట్లయితే నేనే వస్తాను," అంది సంతానలక్ష్మి గబగబా. "ఆ గది ఒకతూరి చూపించు. కొండ చూసి వచ్చేస్తాను. అత్తా, పోయి వచ్చేదా?"

కిటికీ తీస్తే సున్నం గోడ. ఇన్నేళ్ళ నవ్వు ఒక్క గోడకు తగిలి పగిలిపోతుంది. వీరమ్మాళ్ నోరు తెరవకముందే తానే కసిరాడు. "మంచి ఇంటి కోడలు హోటలు మెట్లు ఎక్కుతాదా? బుద్ధుండాల."

"బాగా చెప్తిరి అన్నా," అంది వీరమ్మాళ్.

ఆ మీదట సీనివాసన్‌కు రెండో పెళ్ళి మాట వచ్చింది. అడగవలసిన ధర్మం కనుక రామసుబ్బును తిన్నె మీదే అడిగారు. అతను ఒప్పుకున్నాడు. ఒకటే షరతు పెట్టాడు. "నా బిడ్డను ఇల్లు దాటించకూడదు చెల్లెలా. పెద్ద కోడలుగా ఇంట్లోనే ఉండాల."

"దాటించేది ఏమిటికి అన్నా? ఇంట్లోనే ఉంటాది."

యుద్ధం గెలిచినట్టు మీసం దువ్వుకుంటూ వచ్చి నులకమంచం మీద పడుకున్నాడు. ఇంట్లో ఎక్కడ అని అడగలేదు. గడప దాటనివాడికి ఇల్లంటే వాకిలే.

రెండో కోడలు పుష్పానికి మగపిల్లవాడు పుట్టాడు. మండీ బండివాడితో వీరమ్మాళ్ కబురు పంపింది: ఇంటికి వారసుడు వచ్చినాడు, వరసకు మీరూ తాతే, ఇంక కట్టు తీరిపోయె, వచ్చి మా ఇంట చెయ్యి తడిపి నాలుగు మెతుకులు తినండి.

పొన్నమ్మాళ్ ఆ మాట విని చేటలో గింజలు చెరుగుతూనే ఉంది, తల ఎత్తలేదు. రామసుబ్బు పోయాడు. ఇన్నేళ్ళకు కుడికాలు పెట్టి ఆ గడప దాటాడు. వరసగా అరిటాకులు వేశారు. సీనివాసన్ స్వయంగా పీట చూపించాడు.

"లక్ష్మి యాడ?"

"వెనకాల ఉండాది అన్నా. పని," అంది వీరమ్మాళ్.

చెయ్యి కడుక్కుంటానని లేచి పెరట్లోకి నడిచాడు. ఇల్లు ఊరికి పడమటి కొసన ఉంది, పెరడు దాటితే చేలు. బర్రెల కొట్టంలో ఒక పక్క పత్తికట్టెల మోపులు. మోపులకూ పేడ గంపకూ నడుమ ఒక చాప, మడిచిన చీర, ఒక ముంత. సంతానలక్ష్మి గంగాళం తోముతోంది.

"ఎవరి పడక అది?"

"నాదే నాయినా."

"ఎప్పటినుంచి?"

"కొండ గురక పెట్టిందని చెప్పినావే, ఆ ఏడాదినుంచే."

"నోరుండె గదా! ఏమిటికి చెప్పలేదు?"

"తలుపు వెనక అత్త ఉండె. ఒక్క పొద్దు పండుకో అంటి గదా నాయినా. పండుకొని ఉంటే నువ్వే చూసి ఉందువు."

చాప తలవైపు తడికకు ఒక సందు ఉంది. రామసుబ్బు మోకాళ్ళ మీద వంగి ఆ సందులోంచి బయటికి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచినప్పుడు పంచెకు పేడ అంటుకుని ఉంది.

"ఆకు వేసినారు," అంది సంతానలక్ష్మి, గంగాళం వైపే చూస్తూ. "ఆకు ముందరినుంచి లేచి వచ్చేది తప్పు. పోయి తిను."

ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. అతను ఆమె మసి చెయ్యి పట్టుకుని, ఆకుల వరస పక్కనుంచే వాకిట్లోకి నడిపించుకు వచ్చాడు. పంక్తిలో చేతులు ఆగిపోయాయి.

"ఏమన్నా ఇది? శుభం పొద్దు, మెతుకు ముట్టకుండా పోతే ఇంటికి కీడు," అని వీరమ్మాళ్ అడ్డం వచ్చింది.

"ఎద్దుల తొట్టి ఉంటే చూపించు చెల్లెలా," అన్నాడు రామసుబ్బు. "మా వంశం దాంట్లోనే తాగుతాది."

స్టేషనుకు పోయే దారిలోనే హోటలు. సుబ్రమణియన్ గుమ్మంలోంచి చూసి, "పడమటి గది ఖాళీ, నాయక్కరయ్యా!" అని కేక వేశాడు. సంతానలక్ష్మి ఆగింది. తండ్రి వైపు చూడకుండా మెట్లెక్కింది. పైన కిటికీ తెరిచిన చప్పుడు అయింది, కాసేపటికి మూసిన చప్పుడు అయింది. దిగివచ్చి, "గది బాగుండాది నాయినా," అంది.

ఇప్పుడు ఆమె పుట్టింట్లోనే ఉంటుంది. కలుపు తీస్తుంది, పత్తి ఏరుతుంది, కూడు వండుతుంది. కొండ మాట మళ్ళీ ఎత్తలేదు. రామసుబ్బూ ఎత్తలేదు. కాని వదిలిన అబద్ధం వదిలిన ఎద్దులాంటిది, పిలిస్తే రాదు, ఊళ్ళ మీద పడి మేస్తూ బలుస్తుంది. ఇప్పటి లెక్కకు కొండ అతని కాళ్ళు కూడా పట్టిందంటున్నారు.

మొన్న కళ్ళంలో ఊళ్ళో ఒకరి కొత్త అల్లుడు అడిగాడు: "మామా, కొండను హోటలు కిటికీకి కట్టేసి పండుకుంటివంట గదా, నిజమా?"

రామసుబ్బు పగ్గం పేనుతూ తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"ఆ కిటికీలోంచి కనపడింది గోదాము గోడ. కొండ కనపడేది నా బిడ్డ పండుకున్న బర్రెకొట్టంలోంచి."