దగ్గు దిగిన సీమఎలుక

గోదావరి మీద రైలు వంతెన కట్టి నాలుగైదేళ్ళయిన రోజుల మాట. ధవళేశ్వరంలో కాలువ గట్టున ఒక చిన్న మిషను ఆసుపత్రి ఉండేది. అక్కడ ఊడ్చి, నీళ్ళు మోసి, రోగుల బట్టలు ఉతికే మనిషి సంపూర్ణమ్మ. పెనిమిటి లాజరు కాలువలో పడవ లాగేవాడు. దగ్గి దగ్గి, నెత్తురు కక్కుకుని పోయాడు. మిగిలింది ఒక్కగానొక్క కూతురు దేవకుమారి. మిషను బడిలో చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించేది. ఆ ఏడు తొలకరి వానలు ఆలస్యమవుతుండగా ఆ పిల్లకూ దగ్గు పట్టుకుంది. తల్లికి ఆ దగ్గు తెలుసు. తెలిసీ తెలియనట్టు తిరగడం తప్ప ఆమె చెయ్యగలిగింది లేదు.

ఆ రోజుల్లోనే చెన్నపట్నం నుంచి రైల్లో ఒక చెక్కపెట్టె దిగింది. అందులో మూడు జంతువులు, చూడబోతే తోకలేని ఎలుకలు. డాక్టరు దొరసాని వాటిని పందులంది. పంది పోలిక వాటిలో ఎక్కడుందో ఆ దొరలకే తెలియాలి. కాంపౌండరు యెహెజ్కేలు సీమఎలుకలన్నాడు, ఆ పేరే నిలిచింది. వాటి పోషణ సంపూర్ణమ్మ మీద పడింది. ఎందుకు తెప్పించారని ఆమె అడగలేదు. కుక్కల్ని పెంచుకునేవాళ్ళు వీటినీ పెంచుకుంటారు కాబోలు అనుకుంది.

వచ్చిన కొత్తలో అవి మేత ముట్టలేదు. మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవి. యెహెజ్కేలు ఒకదాన్ని పట్టబోతే ప్రాణం పోతున్నట్టు కీచుమంది.

"అలా గద్దలాగ పైనుంచి వస్తే బెదరవా ఏంటండి? పక్కనుంచి పెట్టండి చెయ్యి," అంది సంపూర్ణమ్మ.

ఆమె పెట్టెలో ఒక గంప బోర్లించి, దూరడానికి సందు ఉంచింది. కొత్తగా కొన్న గేదెకు చేసినట్టే, తన వాసన అలవాటయ్యేలా తాను కట్టి విడిచిన చీర ముక్క ఉతక్కుండా లోపల పరిచింది. ఎండ తగలకుండా తడిగోనె వేలాడగట్టింది. పని తెమిలాక పక్కనే కూర్చుని చింతపండు ఈనెలు తీసుకునేదే గాని వాటి వంక చూసేది కాదు. కొన్నాళ్ళకు ఆమె వేళ్ళ మధ్యనుంచి ఒక గరికపోచ మాయమైంది. తరువాత తోటకూర చేతిలోనే తిన్నాయి. ఇంకొన్నాళ్ళకు ఆమె గాజుల చప్పుడు వింటే చాలు, మూడూ కీచుకీచుమంటూ పెట్టె అంచుకు వచ్చేవి. వాటిలో తెల్లదానికి దేవకుమారి బుల్లియ్య అని పేరు పెట్టింది. అది సంపూర్ణమ్మ ఒళ్ళో కూర్చుని గురగురమంటూ కళ్ళు మూసేది. తల్లీకూతుళ్ళు ఆ ఏడు నవ్వారంటే దాన్ని చూసే నవ్వారు.

ఒకనాడు దొరసాని దేవకుమారి చేత గిన్నెలో కఫం ఉమ్మించి, దాన్నుంచి మందులాంటిది ఏదో తీసి సూదిలోకి ఎక్కించింది. బుల్లియ్యను పట్టుకోమని సంపూర్ణమ్మకు చెప్పింది. ఆమె చేతుల్లో అయితే అది గింజుకోదు మరి. తొడలో సూది దిగినప్పుడు ఒక్కసారి వణికి, ఆమె మోచేతి కింద తల దూర్చుకుంది.

"నీ పిల్ల జబ్బు దీని లోపలికి పంపాను," అంది దొరసాని తనకు వచ్చిన తెలుగులో. "ఇప్పుడు మనం చూడాలి."

సంపూర్ణమ్మ బుల్లియ్య వీపు నిమిరింది. ఇది తనకు తెలియని పనా? బాప్తిస్మం పుచ్చుకోక ముందు, ఇంట్లో ఎవరు మంచం పట్టినా ఆమె తల్లి నల్లకోడిని రోగి తల చుట్టూ తిప్పి పొలిమేరలో వదిలేసేది. జబ్బు కోడిలోకి దిగిపోవాలి, కోడి చావాలి, మనిషి లేవాలి. దాన్నే దిగదుడుపు అనేవారు. అలాంటివి చేసేవాళ్ళకు గుళ్ళో రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గర చోటు లేదని పాదిరిగారు ఎన్నిసార్లో చెప్పారు. అయినా దొరసాని చేసిందంటే తన మీద జాలితో గుట్టుగా చేసి ఉంటుంది. నోరు విప్పి అడిగితే ఆ గుట్టు బయటపడుతుంది. అందుకని ఆ వెర్రితల్లి ఎవరినీ ఏమీ అడగలేదు.

బుల్లియ్యను వేరే పెట్టెలో పెట్టారు. అది శుభ్రంగా తినేది, గంతులేసేది. దాని ఆకలి చూస్తే జబ్బు ఇంకా దిగలేదని సంపూర్ణమ్మ బెంగపడేది. ఇంటికి పోతే కూతురి దగ్గు. ఆమె దీపం ఆర్పే ముందు మోకరించి, "ప్రభువా, దాన్ని తీసుకుని నా బిడ్డను విడిచిపెట్టు," అని అడిగేది. తెల్లారితే మళ్ళీ తన చేత్తోనే దానికి గరిక పెట్టేది.

చివరికి దాని తొడలో గడ్డ లేచింది. బొచ్చు రేగి, వెన్నెముక తేలి, మేత మానేసింది. అయినా గాజులు గలగలమంటే ఎలాగో దేక్కుంటూ వచ్చి ఆమె అరచేతిలో మూతి పెట్టేది. ఆమెకు ఏడుపు ఆగేది కాదు. లోపల మాత్రం ప్రాణం లేచివచ్చినట్టుండేది. అదేం చిత్రమో, ఆ వారంలోనే దేవకుమారికి జ్వరం తగ్గింది, రెండు ముద్దలు ఎక్కువ తింది. "ఇంక నీకేం భయం లేదమ్మా," అంది తల్లి.

బుల్లియ్య చనిపోయిన పొద్దున సంపూర్ణమ్మ దాన్ని కొంగులో పెట్టుకుని దొరసాని దగ్గరికి పరుగెత్తింది. దొరసాని దాన్ని లోపలికి తీసుకుపోయి కోసి చూసింది. బయటికి వచ్చాక సంపూర్ణమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది.

"దిగిపోయినట్టే కదండి, దొరసానిగారూ?" సంపూర్ణమ్మ మొహం విప్పారి ఉంది.

దొరసాని ఆ మాట అర్థం కాక యెహెజ్కేలు వంక చూసింది. అతనికి అర్థమైంది. పాపం, అతను సూదులు సర్దే పనిలో పడ్డాడు.

"ఇది చనిపోయింది. లోపల అంతా క్షయ మచ్చలు," అంది దొరసాని మెల్లగా. "అందుకని తెలిసింది. నీ పిల్లకు ఉన్నది క్షయ. నాకు చాలా విచారం."

"మరి అది బతికుంటేనండి?"

"బతికి ఉంటే, నీ పిల్లకు ఆ జబ్బు లేదు అనుకునేవాళ్ళం."

సంపూర్ణమ్మ ఖాళీ కొంగు దులిపి భుజాన వేసుకుంది.

"అయితే నేను తప్పు అడిగానండి," అంది.

"లేదు, లేదు. నువ్వు మంచి ప్రశ్న అడిగావు," అంది దొరసాని.

దేవకుమారి వరికోతల దాకా బతికింది. సంపూర్ణమ్మ తరువాత చాలా ఏళ్ళు ఆ ఆసుపత్రిలోనే పనిచేసింది. ఆదివారం గుళ్ళో అందరితో పాటు మోకరించేది, ఆమెన్ అనేది. పాదిరిగారు ఎవరికి వారు తమ కోరికలు మనసులో చెప్పుకోమన్నప్పుడు మాత్రం, కళ్ళు తెరిచి, అందరూ లేచేదాకా ఏమీ అడగకుండా ఊరికే ఉండేది.