మాకు ఊసులు నేర్పిన అత్త

ఆ కబురు వచ్చేసరికి మా బాబు నా కాళ్ల మీద ఉన్నాడు, ఒళ్లంతా నూనెతో. మా ఆయన నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, సైకిలు గోడకి చేరేసి, చేతిలో టిఫిన్ డబ్బాతోనే గుమ్మంలో నిలబడిపోయారు.

"మరోదా అత్త పోయినాదట. తెల్లారగట్ల. ప్లాంటు గేటు కాడ సెప్పినారు."

నేను లేవలేకపోయాను. నూనె రాసిన పసివాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాక, ఎలాంటి కబురొచ్చినా లేవడానికి లేదు. ఆ సంగతి నాకు నేర్పింది ఆవిడే. సున్నిపిండి రుద్దాను, నీళ్లు పోశాను, తల తుడిచి సాంబ్రాణి పొగ పట్టాను. ప్రతి పనిలోనూ ఆవిడ చెయ్యి కనిపిస్తూనే ఉంది. మా ఆయన మొహం కడుక్కుని, నిద్ర కూడా పోకుండా మరోదాలో వాళ్లింటికి వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. చంటిపిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకున్న తల్లి చావింటికి వెళ్లకూడదని మావాళ్ల పట్టింపు. ఆవిడే ఉంటే, చెయ్యి అడ్డం పెట్టి నన్ను గుమ్మంలోనే ఆపేసేది. అలా ఆవిడ చివరి చూపు నాకు దక్కలేదు. అందుకే మీతో ఈ నాలుగు మాటలూ చెప్పుకుంటున్నాను.

అత్త అంటే మా ఆయన తల్లి కాదు. మా అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. నేను శ్రీకాకుళం వైపు నుంచి కొత్తకోడలిగా భిలాయి సెక్టర్ 4కి వచ్చినప్పుడు పక్క క్వార్టర్లో ఉండేది ఈ అత్త. విజయనగరం మనిషి. వాళ్లాయన మీసాలు మొలుస్తున్న వయసులో ఉక్కు ప్లాంటులో చేరితే, ఆయన వెనకాలే వచ్చి ఇక్కడే స్థిరపడింది. మాది వాళ్లది ఒకటే గోడ. ఆవిడ గొంతు విప్పిందంటే వీధి చివర కూరగాయల బండి ఆగిపోవాల్సిందే. హిందీ కూడా తెలుగు తోకలు తగిలించి మాట్లాడేది. "భయ్యా, భిండీ ముదిరిపోయా క్యా?" అంటే బండి అతను చక్కగా "నహీ దాయీ, ఏకదమ్ తాజా" అని, లేదమ్మా లేత బెండకాయలేనని జవాబిచ్చేవాడు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరి మధ్య మాట అర్థం కాకపోవడం నేను చూడలేదు.

అంత గొంతున్న మనిషే నాకు మౌనం నేర్పిందంటే మీరు నవ్వుతారు. కాపురానికొచ్చిన కొత్తలోనే నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"సూడమ్మా, రాత్రి డ్యూటీ మనిషి పగలు తొంగుంటాడు. నిద్ర సాలకపోతే, ఎర్రగా కాలిన ఇనుం పక్కన నిలబడి కునుకుతాడు. మరింక నేను సెప్పక్కర్లేదు కదా."

నిజంగానే చెప్పక్కర్లేదు. మా ఆయన పనిచేసేది రైలు పట్టాలు చేసే మిల్లులో. ఆ రోజు నుంచి గిన్నెల కింద గుడ్డ పరిచి తోమాను. కుక్కరు కూత వేసేలోపే దించేశాను. గొళ్లేనికి గుడ్డపీలిక చుట్టాను, గాజులు పైకి తోసుకుని పని చేసుకున్నాను. మా వీధి ఆడవాళ్లందరిదీ ఇదే పద్ధతి. పగటిపూట మా ఇళ్లు చూస్తే ఎవరూ లేరనుకుంటారు.

ఆ తర్వాత మా అమ్మాయి పుట్టింది. తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లాలి. కానీ సరిగ్గా అప్పుడే మా అమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అందుకని ఇక్కడే ఆస్పత్రిలో కని, చలికాలం పొద్దున ఎర్రటి మూటతో ఇంటికొచ్చాను. ఎంత సంబరమో! చిటికెనవేలి మీద ఉందా లేదా అన్నట్టుండే ఆ గోరు చూసుకుని మురిసిపోయాను. నిద్రలో మూతి సున్నాలా చుడితే మురిసిపోయాను. తుమ్మితే కూడా మురిసిపోయాను. అంతా మనసులోనే. బయటికి ఒక్క మాట లేదు. పిల్ల రెండో ఏడుపు ఎత్తుకునేలోపే రొమ్ము అందించేదాన్ని. పొత్తిళ్లలోని పిల్లకి పెదవుల మీద వేలు పెట్టి "ష్" అని చూపించేదాన్ని, దానికేదో అర్థమైపోయినట్టు!

రోజూ పొద్దున్నే అత్త వచ్చి నీళ్లు పోసేది. తన పీట తనే తెచ్చుకునేది. కూర్చుని కూర్చుని మధ్యలో నున్నగా గుంట పడిన పీట అది. కాళ్లు చాపి పిల్లని వేసుకుని, "ఏటే రాణీ, రాత్రంతా ఏటి సేసినావు, మీ నాయిన డ్యూటీకెల్తే నువ్వు ఇంటి డ్యూటీ సేసినావా?" అని మొదలుపెట్టేది. నీళ్లు పోసేంతసేపూ ఆ నోటికి విరామం లేదు; ఆ ఒక్క గొంతుకే మా వీధి కట్టుబాటు వర్తించదు. అంతా అయ్యాక అరికాలికి కాటుక చుక్క పెట్టి, ఆ బుల్లి పాదం వాసన చూసి, అప్పుడు నా చేతికిచ్చేది. తర్వాత టీ. సాసర్లో పోసుకుని తాగాల్సిందే. నేను ఒకసారి "థాంక్స్ అత్తా" అన్నాను. "మల్లీ ఆ మాట అన్నావంటే ఈ సెంబు నీ నెత్తిన బోర్లించేత్తాను" అంది. ఇక ఎప్పుడూ అనలేదు.

రోజులు గడిచేకొద్దీ నాకొకటి కనిపించింది. గుమ్మంలో అత్త గొంతు వినపడగానే పిల్ల అటు తల తిప్పేది. కళ్లు పెద్దవి చేసేది, చేతులు ఆడించేది. నా వైపు తిరిగేది పాల కోసమే. పాలు అయిపోగానే మళ్లీ తలుపు వైపు చూపు. నా కడుపున పుట్టిన పిల్లకి నేనెవరో తెలియదేమో, ఎప్పటికీ తెలియదేమో అని భయం పట్టుకుంది. అసూయ పడ్డానా అంటే, పడ్డాను. ఆవిడ మీద కాదు, ఆవిడ గొంతు మీద.

ఒక పొద్దున ఆగలేకపోయాను. "అత్తా, ఇది నన్ను పోల్చుకోడం లేదు. దీనికి నేనేటీ కానేమో" అని ఏడ్చేశాను. ఆ ఏడుపు కూడా చప్పుడు లేకుండానే.

అత్త చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూసింది. "ఒలే, నువ్వు ఈ గుంటతో మాట్లాడగా నేను ఒక్కపాలి కూడా ఇన్లేదేటే?"

"ఆయన తొంగున్నారు కదత్తా" అన్నాను గుసగుసగా. "సప్పుడు సెయ్యొద్దని నువ్వే కదా సెప్పినావు."

"ఓలమ్మ!" అని నుదురు కొట్టుకుంది. "నేను గిన్నెలకి సెప్పినానే తల్లీ, గుంటకి సెప్పినానా?"

అని ఒకటే నవ్వు. ఆ నవ్వుకి కాళ్ల మీదున్న పిల్ల కూడా ఊగింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, నెమ్మదిగా అంది. "పిల్ల కడుపులోంచి వచ్చినాది గానీ ఇంకా ఇంట్లోకి రాలేదే. నువ్వు పిలిస్తేనే కదా వస్తాది."

నీళ్లు పోయడం అయ్యాక టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. ఏమిటో అనుకున్నాను. మర్నాడు మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి మా గేటు దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"నాయినా, ఈ రోజు కాడినుంచి నీ పక్క మా ఇంట్లో. మీ మావకి పగలు డ్యూటీ, మంచం కాళీగా ఉంటాది. టిఫినీ తినేసి దుప్పటి అట్టుకొచ్చీ."

"ఎందుకత్తా?" అన్నారు ఈయన బిత్తరపోయి.

"నీ పెల్లాం మాట్లాడాలి."

ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఏ నేరం మీద విచారణ జరగబోతోందో అన్నట్టు చూశారు. అంతకు ముందు నేను ఆయన్ని ఒక్క మాట నిలదీసి ఎరగను. లుంగీ కట్టుకుని, చంకలో తలగడ పెట్టుకుని ఆయన పక్కింటికి నడుస్తుంటే వీధి వీధంతా బయటికొచ్చింది. ఎదురింటి ఆయన "క్యా భయ్యా, ఘర్ సే నికాల్ దియా?" అని, ఇంట్లోంచి గెంటేశారా అన్నట్టు కేకేస్తే, మా ఆయన కంటే ముందు అత్తే "హా, నికాల్ దియా! నువ్వు కూడా వస్తావేటి?" అంది.

ఇంట్లో నేను, పిల్ల, అత్త. మాట్లాడాలి. ఏం మాట్లాడాలి? పెళ్లయ్యాక నా గొంతు ఎలా ఉంటుందో నాకే గుర్తులేదు.

"ఏటి వండినావో సెప్పు" అంది అత్త.

"వంకాయ" అన్నాను.

"నాకు కాదే, దానికి."

సిగ్గుపడుతూ పిల్లకి చెప్పాను. సుపేలా బజారు నుంచి వంకాయలు తెచ్చారని, సగం పుచ్చులున్నాయని, మీ నాన్నకి కూరగాయలు ఏరడం రాదని. పిల్ల నా పెదవుల వంక చూసింది! కళ్లార్పకుండా చూసింది! అంతే, కట్ట తెగింది. పప్పు గురించి చెప్పాను, ఆరేసిన బట్టల మీద ప్లాంటు ఎర్రదుమ్ము గురించి చెప్పాను, పక్కింట్లో నిద్రపోతున్న వాళ్ల నాన్న గురక గురించి చెప్పాను. రోజూ పొద్దున్న ఎప్పుడవుతుందా, ఈయన ఎప్పుడు తలగడ పట్టుకుని బయల్దేరతారా అని ఎదురుచూసేదాన్ని. ప్రేమలో పడితే ఇలాగే ఉంటుందేమో. నాకు పెళ్లిలో కూడా అంత ఆత్రం లేదు.

ఒక రోజు అత్త పిల్లకి నూనె రాస్తోంది. నేను పక్కనే కూర్చుని మా అమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టాను. అమ్మమ్మ కాలు ఇంకా కట్టులోనే ఉందని, నిన్ను ఎత్తుకోవాలని ఎంత తపించిపోతోందో అని, నాకు మా అమ్మని చూడాలనుంది అని. ఆ చివరి మాట దగ్గర కొంగుతో కళ్లొత్తుకుని ఆగిపోయాను.

పిల్ల నా మొహంలోకి చూసి, మూతి చుట్టి, "ఊ..." అంది.

తర్వాత? అన్నట్టుగా.

అత్త చేతిలోంచి నూనె గిన్నె జారిపోయింది. "ఓలమ్మో! ఊ కొట్టినాది! నీ మాటకి ఊ కొట్టినాదే గుంట!" అని అరిచి, గభాలున గోడ మీద అరచేత్తో దబదబా బాదింది. "నాయినా, లెగు! లగెత్తుకు రా! మీ గుంట ఊ కొట్టినాది!"

నైట్ డ్యూటీ మనిషి నిద్ర చెడకూడదని నాకు గుడ్డలు పరవడం నేర్పిన మనిషి! గోడ కూలిపోతుందేమో అనుకున్నాను. మా ఆయన దిండు ముద్రలు పడిన బుగ్గతో, ఒక చెప్పుతో పరిగెత్తుకొచ్చారు. వీధిలో సగంమంది కూడా వచ్చేశారు. ఎవరు అడిగినా మా అమ్మాయి మళ్లీ ఊ కొట్టలేదు. నేను "అవునా బంగారం?" అన్నప్పుడు మాత్రం కొట్టింది. నాకే. నా మాటకే. ఆ రోజు నేను తల్లినయ్యాను. ఆస్పత్రిలో కన్న రోజు కాదు.

తర్వాత మా ఆయన ఒక మాట చెప్పారు. గోడ అవతల నుంచి నా గొంతు సన్నగా వినిపిస్తుంటే అంత హాయిగా నిద్ర ఎప్పుడూ పట్టలేదట. మిల్లు రొదలో రాత్రంతా నిలబడే మనిషికి పెళ్లాం ఊసులు అడ్డమా అని అత్త ఎగతాళి చేసింది. ఆయన తలగడ మళ్లీ మా ఇంటికే చేరింది.

మామ రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి వాళ్లు మరోదాలో ఇల్లు వేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ పీట నా దగ్గరే వదిలేసింది. వాళ్ల క్వార్టర్లోకి ఈ మధ్యే కొత్త జంట వచ్చింది. రాయపూర్ వైపు అమ్మాయి, ఇంకా చేతుల నిండా పెళ్లిగాజులే. వాళ్లాయనది కూడా నైట్ షిఫ్టే. గిన్నెల కింద గుడ్డ సంగతి ఆ అమ్మాయికి నేనే చెప్పాను. ఇంతవరకూ ఆ అమ్మాయి గొంతు నేను సరిగ్గా వినలేదు.

మొన్న బాబు పుట్టినప్పుడు అత్త మరోదా నుంచి ఆటోలో వచ్చింది. మోకాళ్లు మడతపడడం లేదని కుర్చీలో కూర్చుంది. "ఇంక నేను నీల్లు పొయ్యను. నువ్వే" అంది. నేను భయంభయంగా పీట మీద కాళ్లు చాపితే, "మెడ కింద సెయ్యి! మెడ కింద! ఆడేటి లడ్డూ అనుకున్నావా?" అని కుర్చీలోంచే కేకలేసింది. వెళ్లేటప్పుడు బాబు పాదం వాసన చూసింది. "ఈడు ఊ కొట్టిన నాడు గోడ మీద కొట్టు. మరోదాకి ఇనిపిస్తాది నాకు" అంది. ఆటో కదిలాక కూడా డ్రైవరుతో ఏదో మాట్లాడుతూనే ఉంది.

కబురు తెలిసిన రోజు నేను బాబుకి నీళ్లు పోశాను, పాలు ఇచ్చాను, పడుకోబెట్టాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మధ్యాహ్నం స్కూలు నుంచి మా అమ్మాయి వచ్చింది. బ్యాగు విసిరేసి, ఇల్లంతా చూసి, నా దగ్గరికి వచ్చి అడిగింది.

"అమ్మా, నాన్న ఘర్‌లో లేరు కదా. మరి నువ్వు చుప్ ఎందుకున్నావ్?"

దానికి తెలిసిన మౌనం అదొక్కటే. మరోదా మామ్మ చనిపోయిందని చెప్పాను. కాసేపు ఏడ్చింది. తర్వాత మంచం ఎక్కి, తమ్ముడి పక్కన పడుకుని, తనే మొదలుపెట్టింది. "మాలూమ్ హై ఛోటూ, మన మామ్మ ఉండేది కదా..." అని. వింటూ వింటూ నేనూ కలిశాను. మరచిపోయినవి తను గుర్తుచేసింది, తనకి తెలియనివి నేను చెప్పాను. బాబు కళ్లప్పగించి చూశాడు కానీ ఏమీ అనలేదు. ఆ మర్నాడూ అనలేదు.

ఇవాళ పొద్దున పీట మీద వాడికి నూనె రాస్తూ, వాళ్ల నాన్న తలగడ పట్టుకుని పక్కింటికి వెళ్లిన కథ చెబుతున్నాను. "నీ పెల్లాం మాట్లాడాలి" అని అత్త గొంతుతోనే అన్నాను. వాడు మూతి చుట్టాడు. "ఊ..." అన్నాడు.

లేవడానికి లేదు కదా. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి, నూనె చేత్తోనే గోడ మీద దబదబా బాదాను. "అత్తా! ఊ కొట్టాడు! ఊ కొట్టాడే!" అని గట్టిగా అరిచాను. అవతల నైట్ షిఫ్ట్ దిగి నిద్రపోతున్న ఆ కొత్త పెళ్లికొడుకు గుర్తొచ్చి నాలిక కరుచుకునేసరికి ఆలస్యమైపోయింది.

గోడ అవతల నుంచి, పెళ్లిగాజుల గలగలతో, మెల్లగా రెండుసార్లు ఎవరో తిరిగి తట్టారు. బాబు అటు తల తిప్పాడు.