గలింథియాస్ ఆడిన అబద్ధం

ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి గ్రీకు పురాణాల మీద ప్రాజెక్టు ఇచ్చారు. అందరూ రాసే పెద్ద దేవతలు వద్దని, ఎవరికీ తెలియని ఒక దాసిని వెతికి పట్టుకుంది. పేరు గలింథియాస్. విదేశంలో మేముండే కనాటా ఊళ్లో, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ కథ నాకు చెప్పింది.

గలింథియాస్ యజమానురాలు ఏడు రోజులుగా నొప్పులు పడుతోంది. పురుళ్ల దేవత ఇలీథియా ఆ కాన్పు ఆపాలని గుమ్మం దగ్గర వేళ్లు పెనవేసుకుని కూర్చుంది. ఆ చేతులు విడితే తప్ప కాన్పు కాదు. గలింథియాస్ పరుగున వచ్చి, మగపిల్లాడు పుట్టేశాడని అబద్ధం చెప్పింది. దేవత ఉలిక్కిపడి చేతులు వదిలేసింది. బిడ్డ నిజంగానే పుట్టాడు. అబద్ధమాడినందుకు దాసిని ముంగిసలాంటి చిన్న జంతువుగా మార్చేశారు.

"షి సేవ్‌డ్ ద బేబీ, అమ్మా. దట్స్ సో అన్‌ఫెయిర్," అంది.

నేను బెండకాయలు తరగడం ఆపేశాను. ఆ అబద్ధం నేనూ ఆడాను.

మూడేళ్ల కిందట మా చెల్లెలి కాన్పుకి నేనే తోడున్నాను. అమ్మకి వీసా రాలేదు. అన్నం కూడా తినకుండా పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తోంది. ఆవిడ బీపీకి భయపడి, లేబర్ రూమ్ బయట నిలబడే, "మగపిల్లాడమ్మా, తల్లీబిడ్డా క్షేమం. ఇక తిని మాత్ర వేసుకో," అనేశాను. అమ్మ వీధంతా లడ్డూలు పంచింది. ఆ తర్వాత గంటన్నరకి బిడ్డ పుట్టాడు. ఏడవలేదు.

రెండు రోజుల దాకా అమ్మకి నిజం చెప్పలేకపోయాను. చెల్లెలు ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. వాళ్లింటికి వెళ్తే కాఫీ ఇచ్చేది, తాగి వచ్చేసేదాన్ని. తిట్టినా బాగుండేది. ఆ గ్రీకు దాసికి అబద్ధం కలిసొచ్చింది. నవ్వకండి, ముంగిసని చూసి అసూయపడ్డాను.

ఆదివారం చెల్లెలు మా ఇంటికి వచ్చింది. పిల్ల ఊరుకుంటుందా, పిన్నికి ప్రాజెక్టంతా చదివి వినిపించింది. నేను సింకు దగ్గర నుంచి వెనక్కి తిరగలేదు. పిల్ల పైకి వెళ్లాక చెల్లెలు నా పక్కన వచ్చి నిలబడింది.

"నన్ను క్షమించవే," అన్నాను.

"ఎందుకక్కా? ఇక్కడ వాడికోసం ఎవరూ ఒక్క స్వీట్ పంచలేదు. ఒక్క కంగ్రాట్స్ మెసేజ్ కూడా రాలేదు. వాడు పుట్టాడని సంతోషపడింది అమ్మ ఒక్కతే."

నా చేతిలోంచి గిన్నె అందుకుని, "ఆ లడ్డూలు ఎవరెవరు తిన్నారో అమ్మని అడిగి చెప్తావా? నాకు అడగాలంటే భయంగా ఉంది," అంది.