మందు పూసిన వైపు

ఇటు జరిగి, గోడకు ఆనుకుని కూర్చోండి. చెప్పేది చిన్న సంగతే గానీ, ఆ చలికాలం నాకు ఊపిరి ఆడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. సిద్దిపేటలో మా ఆయన ఫోటోలు తీసేవారు. దగ్గు మొదలయ్యాక కూడా మగ్గాల వాడలో తిరిగి, నేసేవాళ్లను, కండెలు చుట్టే ఆడవాళ్లను గాజు పలకల మీద తీసి పెట్టి, ఆ తర్వాత మంచమెక్కారు. హైదరాబాదులో ఫోటోల దుకాణం ఉన్న పెద్దమనిషి ఒకాయన కబురు పంపాడు. ఆ బొమ్మలు పుస్తకంగా కుట్టి పంపమని, చెయ్యి ఇంకా నిలకడగా ఉంటే పని ఇస్తానని. పని దొరికితే పెద్ద దవాఖానాకు దగ్గర్లో ఉండొచ్చు. మాకు ఇంకో దారి లేదు.

ఆయన చీకటి గదిలో నిలబడలేరు. కాయితం మీద బొమ్మలు దించే పని నేనే అందుకున్నాను. చట్రంలో కాయితం, దాని మీద గాజు పలక, పైనుంచి కాసేపు దీపం. పక్కన నిలబడి చూసిన పనే గానీ, అడిగి నేర్చుకున్నది కాదు.

మొదటిది ముసలి నేతగాని ముఖం. తడి ఆరకముందే తెచ్చి చూపించాను. మసకగా ఉంది. ఆయన వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశారు.

"నా చెయ్యి పోయింది. కెమెరా ఎవలకన్న ఇచ్చెయ్యి."

గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజు గంజి కూడా ముట్టలేదు. తర్వాతిదైనా తేటగా వస్తుందేమోనని నేను దించుతూనే పోయాను. అన్నీ మసకే. కాయితం దొరకని కాలం. కట్ట అడుగు కనబడేసరికి దించడం ఆపేశాను. ఉన్నవాటినే నల్ల అట్టలకు అతికించి పుస్తకం కుట్టాను. పంపే ముందు పక్కింట్లో కండెలు చుట్టే అక్కకు చూపించాను. బాగుందన్న మాట ఒక్కటి వింటే చాలనిపించింది.

ఆమె తన బొమ్మ దగ్గర ఆగింది. "ఏందే చెల్లె, నేను కుడిచేత్తోని రాట్నం తిప్పుత. గిండ్ల ఎడమచేత్తోని తిప్పుతున్న. వాడకట్టు మొత్తాన్ని ఎడమచేతోళ్లను జేసినవు. బువ్వ సుత గట్లనే తినమంటవా?"

నాకు నవ్వు రాలేదు. ఆ మాట మోసుకుపోయి ఆయనకు చెప్పాను. గోడవైపున్న మనిషి ఇటు తిరిగారు.

"పలక ఎట్ల పెట్టినవ్?"

"మందు పూసిన వైపు పైకి పెట్టిన. కాయితం రాసుకుంటె గీకుకపోతదని."

గాజుకు ఒక వైపే మందు పూత ఉంటుంది, బొమ్మ ఉండేది అందులోనే. అది కాయితాన్ని తాకాలట. మధ్యలో గాజు మందం అడ్డమొస్తే బొమ్మ మసకబారి, కుడి ఎడమవుతుందట. ఇత్తడి గిన్నెకు గీత పడకుండా చూసుకున్నట్టు చూసుకున్నాను నేను.

ఆయన తిట్టలేదు. "అయితే నా చెయ్యి కాదు" అన్నారు. మళ్లీ అదే మాట అన్నారు.

ఐదు కాయితాలు మిగిలాయి. ఏ ఐదు బొమ్మలు దించాలో అక్కనే కూర్చోబెట్టి అడిగాము. నా భుజం పట్టుకుని ఆయన చీకటి గదిలోకి వచ్చారు. ఈసారి అక్క వేళ్ల మధ్య నూలుపోగు కూడా కనబడింది. ఐదు బొమ్మల పుస్తకమే పంపాము. రమ్మని జాబు వచ్చింది.

ఆ తర్వాత ఆయన బతికింది రెండేళ్లే. కానీ తన చెయ్యి మంచిదని తెలిసి బతికారు. ఎవరికీ చూపకుండా ఆ మొదటి పుస్తకమే పంపి ఉంటే, ఆ గోడను చూస్తూనే పోయేవారు.

మీ ఇంట్లో తప్పు చెప్పే మనిషికి ఎప్పుడూ ఒక పీట వేసి ఉండాలి. మీవాళ్ల చేతులు నిలకడగా ఉండాలి, మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి.