చిలకల ద్వారబంధం

మా మేనత్తకు చూపు పోయి ఆరేళ్లు. అయినా పత్తికొండలోని మా ఇంట్లో ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించే అవసరం నిరుటిదాకా ఎవరికీ రాలేదు. నడిమింట్లో మూడు తలుపులు. పెరటి ద్వారబంధం మీద చిలకలు చెక్కి ఉండేవి, వంటింటి దాని మీద మామిడి పిందెలు, ఆమె గదికి పూలతీగ. గోడ వెంట వేళ్లు జరుపుకుంటూ వెళ్లి, చిలక ముక్కు తగిలితే పెరట్లోకి, అక్కడి బాత్‌రూముకు పోయేది.

ఆ ముక్కులను సగం పూడ్చింది నేనే. ఏ పండగ వచ్చినా పాత రంగు మీదే కొత్త ఎనామిల్ పూయించాను. పోయిన వేసవిలో ఒకరోజు అత్త పెరట్లోకని బయల్దేరి వంటింట్లో తేలింది.

"చెక్కడం చేతికి ఆనకుండా పోతాండాదప్పా. ఆ రంగు గీకిస్తావా?" అంది. నన్ను పెంచిన మనిషి నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

వడ్రంగం చేసే వడ్లాయనను పిలిచి, మిషన్‌తో గీకెయ్యమన్నాను. "మిషన్ చదును పలకలకప్పా. చెక్కడాన్ని చేత్తోనే గీకల్ల. ఒక వారం పడతాది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పని సాగదీస్తున్నాడనుకుని పంపించేశాను. ఉప్పుకాగితం బిళ్ల గిర్రున తిరిగే మిషన్ ఒకటి అద్దెకు తెచ్చుకున్నాను, నాకేదో పెద్ద పనితనం వచ్చినట్టు.

ఆనించగానే రంగు పొరలు పొరలుగా లేచింది. పైన నీలం, దాని కింద పచ్చ, అడుగున టేకు. ఆ టేకు రంగు చూసి మురిసిపోయాను, నా మొహం. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కళ్లు చికిలించుకుని, ఆ దుమ్ములోనే మూడు ద్వారబంధాలూ ఒక్క పూటలో ముగించాను. తుడిచి చూస్తే చిలకలు లేవు. పిందెలూ లేవు, తీగా లేదు.

అత్త వచ్చి పెరటి ద్వారబంధం మీద అరచెయ్యి పైనుంచి కిందికి జరిపింది. మళ్లీ జరిపింది. తిట్టి ఉంటే బాగుండేది.

"శానా నున్నగా చేసినావప్పా," అంది. "ఇది యాడికి పోయే తలుపు?"

గుర్తుగా తాడు కట్టాను, మేకు కొట్టాను. ఆమె వేళ్లు వాటిని నమ్మలేదు. ఇప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకుంటేనే కదులుతుంది. పెరట్లోకి తీసుకుపొమ్మని అడగడానికి సిగ్గు. అందుకని ఈ ఎండల్లో కూడా మధ్యాహ్నం నుంచి నీళ్లు ముట్టదు.

"దప్పిక లేదప్పా," అంటుంది, పెదాలు తడుపుకుంటూ. పొద్దుగూకాక, ఆమె పక్కన నేను పెట్టిన నీళ్ల చెంబును నిండుగా ఉన్నది ఉన్నట్టే నేనే తీసుకెళ్లి పెరట్లో పారబోసి వస్తాను.